లీజుకు ముందు లెక్క: రాయలసీమలో గని ప్రాజెక్టును బేరీజు వేయడం ఎలా

బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల, ఓబులవారిపల్లె చుట్టుపక్కల గని పెట్టాలనుకునేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న, భూమిలో రాయి ఎంత ఉంది అని. దానికి జవాబు తేలిగ్గానే దొరుకుతుంది. ఈ ప్రాంతపు సున్నపురాయి పొరలు మండలాల పొడవునా పరచుకుని ఉంటాయి, కాబట్టి ఏ పొలంలో నిలబడి చూసినా రాయి అపారంగానే కనిపిస్తుంది. ప్రాజెక్టు నిలబడేదీ కూలేదీ మాత్రం ఆ తరువాతి ప్రశ్నల దగ్గర: ఉన్న రాయిలో తవ్వడానికి వీలయ్యేది ఎంత, తవ్వినదానిలో అమ్ముడుపోయేది ఎంత, అమ్మినదాని మీద ప్రభుత్వానికి కట్టవలసింది ఎంత, పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు తిరిగి వస్తుంది. ఒక్కొక్క ప్రశ్న దగ్గరా మొదటి అంకె కొంత తరుగుతుంది. ఆ తరుగును కాగితం మీద ముందే చూసుకోవడాన్నే ప్రాజెక్టు మూల్యాంకనం అంటారు.

ఈ పనిలో పాటించవలసిన క్రమం ఒకటి ఉంది. తక్కువ ఖర్చుతో తీరే అనుమానాలను ముందు తీర్చుకోవాలి, లక్షలు ఖర్చయ్యే పనులను ఆ తరువాతే మొదలుపెట్టాలి. గ్రామ పటం చూస్తే తెలిసిపోయే అడ్డంకిని కోర్ డ్రిల్లింగ్ (లోపలి రాయిని కడ్డీలా కోసి పైకి తీసే బోరు) బిల్లు కట్టిన తరువాత తెలుసుకోవడం ఇక్కడ అరుదేమీ కాదు.

రాయి ఏ తరగతిది, భూమి ఎవరిది

గనులు, ఖనిజాల చట్టం 1957 ప్రకారం ఖనిజాలు ప్రధాన ఖనిజాలు, చిన్నతరహా ఖనిజాలు అని రెండు తరగతులు. ప్రధాన ఖనిజాల గని ప్రణాళికను ఆమోదించేది ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్, అంటే ఐబీఎం. చిన్నతరహా ఖనిజాల విషయమంతా రాష్ట్ర గనుల శాఖ చేతిలో, 1966 నాటి రాష్ట్ర నియమావళి కింద నడుస్తుంది. ఈ తరగతులు శాశ్వతం కావు. 2015 ఫిబ్రవరిలో కేంద్రం 31 ఖనిజాలను చిన్నతరహా జాబితాలోకి మార్చింది. వాటిలో ముగ్గురాయి (బెరైటీస్), క్వార్ట్జ్, ఫెల్‌స్పార్, బలపపు రాయి, డోలమైటు, రంగుమట్టి వంటి మన ప్రాంతపు సరుకు చాలా ఉంది. 2025 ఫిబ్రవరిలో ముగ్గురాయి, క్వార్ట్జ్, ఫెల్‌స్పార్, అభ్రకం నాలుగింటినీ తిరిగి ప్రధాన ఖనిజాలలో చేర్చింది. పదేళ్ల కిందటి ఫైలును ముందు పెట్టుకుని ముగ్గురాయి ప్రాజెక్టు వేసుకునేవారు మొదటి అడుగులోనే దారి తప్పుతారు. సున్నపురాయి సంగతి మరింత చిత్రం. అదే రాయి సిమెంటు ఫ్యాక్టరీకి వెళితే ప్రధాన ఖనిజం, నాపబండలుగా చీల్చి ఇంటి నేలకు వేస్తే చిన్నతరహా ఖనిజం. కాబట్టి ఎవరికి అమ్మబోతున్నారో తేల్చుకోకుండా దరఖాస్తు కూడా రాయలేరు.

భూమి విషయంలో పట్టా ఉన్నంత మాత్రాన తవ్వే హక్కు రాదు. హక్కు ఉన్నంత మాత్రాన దారి కూడా రాదు. సర్వే నంబరు వారీగా అడంగల్ (సాగు రికార్డు), 1-బి (హక్కుల రికార్డు), ఎఫ్ఎంబి (పొలం కొలతల) పటం తీసి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలి. డీకేటీ పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఉందని గుర్తుంచుకోవాలి. రైతుతో రాసుకున్న ఒప్పందం అక్కడ చెల్లకపోవచ్చు. ఎఫ్ఎంబిలో వంక, డొంక, రస్తా గీతలు ఎక్కడ ఉన్నాయో నేల మీద నడిచి చూడాలి, ఎందుకంటే ఏళ్ల తరబడి దున్నిన పొలంలో వంక కనిపించకపోయినా రికార్డులో అది వంకగానే ఉంటుంది, తహసీల్దారు నిరభ్యంతర పత్రం అక్కడే ఆగిపోతుంది. రిజర్వు అటవీ హద్దు రాళ్లను జీపీఎస్‌తో సరిచూసుకోవాలి. నందికొట్కూరు వైపు వెళ్లేవారు బట్టమేక పక్షుల రోళ్లపాడు అభయారణ్యాన్ని, కడప, బద్వేలు వైపు వెళ్లేవారు కలివికోడి పక్షి ఉన్న లంకమల అభయారణ్యాన్ని దూరం కొలిచి నమోదు చేసుకోవాలి. ఇవన్నీ వారం రోజుల పని, ఖర్చు జిరాక్సులది, పెట్రోలుది.

బోరు వేసి చూడటం

అన్వేషణకు మన దేశంలో నాలుగు మెట్లున్నాయి: జి4 అంటే పైపై పరిశీలన, జి3 ప్రాథమిక అన్వేషణ, జి2 సాధారణ అన్వేషణ, జి1 సవివర అన్వేషణ. ప్రతి మెట్టు దగ్గరా బోర్ల మధ్య దూరం తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది, నమ్మకం పెరుగుతుంది. ఈ నమ్మకాన్ని మూడంకెల సంకేతంతో రాస్తారు: మొదటి అంకె ఆర్థిక స్థితిని, రెండవది సాధ్యాసాధ్యాల అధ్యయనాన్ని, మూడవది భూగర్భ సమాచారాన్ని తెలుపుతాయి. 111 అని ఉంటే తవ్వి అమ్మడానికి లాభసాటి అని రుజువైన రిజర్వు. 333 అని ఉంటే అక్కడ రాయి ఉండవచ్చు అనే అంచనా మాత్రమే. భాగస్వామి తెచ్చిన నివేదికలో కోటి టన్నులు అని పెద్ద అక్షరాలతో ఉంటే, ముందుగా దాని పక్కన ఏ మూడంకెలు ఉన్నాయో వెతకాలి. రిసోర్సు, అంటే భూమిలో ఉన్నదని అంచనా వేసినది వేరు; రిజర్వు, అంటే అందులో లాభంగా తవ్వగలిగేది వేరు. బ్యాంకుకు కావలసింది రెండోది.

సున్నపురాయిలో బోర్లు వేసేటప్పుడు కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలను మనసులో పెట్టుకోవాలి. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహలు నీరు సున్నపురాయిని కరిగించడం వల్ల ఏర్పడినవే. అదే జాతి రాతిలో చిన్న బొక్కలు, బంకమట్టి నిండిన సందులు ఎక్కడైనా ఉండవచ్చు. డ్రిల్లింగ్ రాడ్డు ఒక్కసారిగా కిందికి జారినా, పైకి వచ్చే నీరు ఆగిపోయినా, డ్రిల్లరు ఆ లోతును పుస్తకంలో రాయాలి. కోర్ పెట్టెలో ఖాళీ కనిపించకుండా ముక్కలను దగ్గరికి జరిపి పెట్టే అలవాటు కొందరికి ఉంది. మూడు మీటర్ల బోరుకు ఎంత కోర్ వచ్చిందో టేపుతో కొలిచి శాతం రాయించుకుంటే ఆ అలవాటు పోతుంది.

కోర్‌ను చూడటంలో ఒక చిన్న పని చాలా ఉపయోగపడుతుంది. ముక్కను నీళ్లలో ముంచి తీసి ఎండలో పెట్టి గమనించాలి. పైభాగం క్షణాల్లో ఆరిపోతుంది, కానీ వెంట్రుకంత నెర్రె ఉన్నచోట తడి నల్లటి గీతలా కాసేపు నిలుస్తుంది. నాపబండల గనికి ఆ గీతే కీలకం. పరుపు (రాతి పొర) వెంట ఉన్న గీత మంచిది, రాయి అక్కడే పలకగా చీలుతుంది. పరుపును అడ్డంగా కోస్తూ ఉన్న గీత పలకను రెండు ముక్కలు చేస్తుంది. అడ్డగీతలు ఎంత దూరానికి ఒకటి వస్తున్నాయో లెక్కపెడితే రెండడుగుల బండలు ఎన్ని వస్తాయో, కంకరకు తప్ప పనికిరానిది ఎంత ఉంటుందో ఒక అంచనా వస్తుంది. దీనికి ప్రయోగశాల అక్కరలేదు.

సిమెంటు రాయికి మాత్రం ప్రయోగశాలే శరణ్యం. కాల్షియం ఆక్సైడు 42 శాతానికి తగ్గకుండా ఉందా అని అందరూ చూస్తారు. మెగ్నీషియం ఆక్సైడును చూడటమే మరిచిపోతారు. ఒక టన్ను క్లింకరుకు (రాయిని కొలిమిలో కాల్చగా వచ్చే, పొడిచేస్తే సిమెంటయ్యే సరుకు) సుమారు ఒకటిన్నర టన్నుల రాయి పడుతుంది, కాబట్టి రాతిలో 4 శాతం మెగ్నీషియం ఆక్సైడు ఉంటే క్లింకరులో అది 6 శాతానికి చేరుతుంది, సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు ప్రమాణం అనుమతించే గరిష్ఠం అంతే. డోలమైటు పొరలు సున్నపురాయితో కలిసి ఉండే మన ప్రాంతంలో మీటరు మీటరుకూ శాంపిల్ తీయించడం దండగ ఖర్చు కాదు. సగటు బాగుండి, మధ్యలో మూడు మీటర్ల చెడ్డ పొర ఉన్నా, ఆ పొరను విడిగా తవ్వి పక్కన పోయగలరా లేదా అన్నది ముందే తేలాలి.

సాంద్రత విషయంలో జరిగే పొరపాట్లు అంకెలను తలకిందులు చేస్తాయి. సున్నపురాయి ఘనమీటరుకు సుమారు 2.6 టన్నులు తూగుతుంది. స్వచ్ఛమైన ముగ్గురాయి సాపేక్ష సాంద్రత 4.5 వరకు ఉంటుంది, చమురు బావుల డ్రిల్లింగ్ బురదకు వాడే సరుకుకు 4.10, 4.20 అనే మెట్లున్నాయి. అదే ముగ్గురాయిలో అగ్నిపర్వత బూడిద పొరలు, షేలు (బంకమట్టి గట్టిపడిన రాయి) కలిసినచోట సాంద్రత పడిపోతుంది. మొత్తం నిక్షేపానికి 4.2 అని వేసుకుంటే టన్నులూ తప్పుతాయి, గ్రేడూ తప్పుతుంది. ప్రతి బోరు నుంచి కొన్ని ముక్కలను గాలిలో, నీటిలో తూచి సాంద్రత కట్టించుకోవాలి.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలలో వజ్రాల కోసం వంగి నడిచే జనాన్ని ఏటా చూస్తాం. ఒక రాయి దొరకడం నిజమే కావచ్చు. దానికీ నిక్షేపానికీ సంబంధం లేదు. వజ్రాల శిలలో కారట్లను వంద టన్నులకు లెక్కిస్తారు, కాబట్టి సన్నటి కోర్‌లో ఏమీ తేలదు. వందల టన్నుల రాయిని తవ్వి, పొడిచేసి, కడిగితేగాని గ్రేడు, అంటే రాతిలో వజ్రాల పాలు, చెప్పలేరు. ఖనిజం ఎంత అరుదైతే శాంపిల్ అంత పెద్దది కావాలి. బంగారానికి కూడా ఇదే సూత్రం కొంత వర్తిస్తుంది. బంగారంలో మరో మెలిక ఏమిటంటే, తవ్వదగిన గ్రేడు ధరతోపాటు మారుతుంది. ఒక టన్ను రాయి తవ్వి శుద్ధి చేయడానికి 4,000 రూపాయలు అవుతుందని, గ్రాము ధర 8,000 రూపాయలని, 90 శాతం బంగారం చేతికి వస్తుందని అనుకుంటే, టన్నుకు 0.56 గ్రాములు ఉంటే ఖర్చు గిట్టుతుంది. ధర 5,000కు పడితే అదే గనికి 0.89 గ్రాములు కావాలి. రామగిరి బంగారు గనులు 2001లో మూతపడినప్పుడు కింద బంగారం అయిపోయిందని కాదు.

ఐదు హెక్టార్లలో నిజంగా చేతికి వచ్చేది

ఈ భాగాన్ని నిదానంగా చూడాలి, చిన్న లీజులు దెబ్బతినేది ఇక్కడే. ఐదు హెక్టార్ల చతురస్రపు లీజు తీసుకుందాం. పైమట్టి లేదని, రాయి 18 మీటర్ల లోతు వరకు బాగుందని అనుకుందాం. 50,000 చదరపు మీటర్లను 18తో గుణిస్తే 9 లక్షల ఘనమీటర్లు. చాలామంది లెక్క ఇక్కడ ఆగిపోతుంది.

లీజు హద్దు వెంట లోపలి వైపు 7.5 మీటర్లు తవ్వకుండా వదలాలి. చతురస్రం భుజం సుమారు 223.6 మీటర్లు, రెండు వైపులా వదిలితే 208.6 మిగులుతుంది, అంటే ఐదు హెక్టార్లు 4.35 అయింది. లీజు చతురస్రంగా కాక 100 మీటర్ల వెడల్పు, 500 మీటర్ల పొడవు ఉన్న పట్టీ అయితే మిగిలేది 4.12 మాత్రమే. పక్క పట్టాదారు వదిలిన సన్నటి తుంట చవగ్గా వస్తుందని తీసుకునేవారు ఈ తేడాను ధరలో కలుపుకోవాలి.

తరువాత, గని గోడ కూలకుండా వదిలే మెట్లు. ఆరు మీటర్ల ఎత్తు, ఆరు మీటర్ల వెడల్పుతో మూడు మెట్లు వేస్తే ప్రతి మెట్టు దిగేసరికి నాలుగు వైపులా ఆరేసి మీటర్లు లోపలికి జరగాలి. మొదటి మెట్టు 208.6 మీటర్ల భుజంతో 2.61 లక్షల ఘనమీటర్లు, రెండోది 196.6తో 2.32 లక్షలు, మూడోది 184.6తో 2.04 లక్షలు. మొత్తం సుమారు 6.97 లక్షలు. తొమ్మిది లక్షలలో రెండు లక్షలకు పైగా గోడల్లోనే ఉండిపోయింది. టిప్పరు దిగే దారికి పోయేది ఇందులో ఇంకా కలపలేదు.

ఆ 6.97 లక్షలలో అమ్మదగిన బండ పాతిక శాతం అనుకుందాం. 1.74 లక్షల ఘనమీటర్లు సరుకు, 5.23 లక్షల ఘనమీటర్లు వ్యర్థం. తవ్విన రాయి గట్టిగా ఉన్నప్పటికన్నా సుమారు 1.3 రెట్లు చోటు ఆక్రమిస్తుంది, కాబట్టి వ్యర్థం గుట్టగా పోస్తే 6.8 లక్షల ఘనమీటర్లు. సగటున పది మీటర్ల ఎత్తు గుట్ట వేసినా దానికి 6.8 హెక్టార్లు కావాలి. లీజే ఐదు హెక్టార్లు. బేతంచెర్ల చుట్టుపక్కల రోడ్డు పొడవునా కనిపించే రాతి గుట్టలకు కారణం ఎవరి నిర్లక్ష్యమో అనుకునేముందు ఈ గుణకారం చేసి చూడాలి. చాలా గనులకు వ్యర్థం పెట్టుకునే చోటు మొదటి రోజు నుంచీ లేదు. ఇందుకు మందు ప్రణాళికలోనే ఉంది. ఒక మూల నుంచి మొదలుపెట్టి అక్కడ పూర్తి లోతుకు వెళ్లిపోయి, ఆ గుంతలోకే తరువాతి వ్యర్థాన్ని నింపుకుంటూ ముందుకు సాగాలి. అంతటా పైపైన గీకి మంచి బండలు ఏరుకునే పద్ధతి మొదటి ఏడాది డబ్బు చూపిస్తుంది, మూడో ఏడాదికి యంత్రం తిరగడానికి కూడా చోటు మిగలదు. కంకర కొనేవారు, చిప్స్ పొడి కొనేవారు దగ్గరలో ఉంటే వ్యర్థం కొంత ఆదాయమవుతుంది. కానీ రాతపూర్వక ఒప్పందం లేనిదే దాన్ని ఆదాయం కింద రాయకూడదు.

పొరలు వాలుగా ఉంటే లెక్క ఇంకా మారుతుంది. 15 డిగ్రీల వాలు కంటికి పెద్దగా అనిపించదు. కానీ వాలు దిశలో 50 మీటర్లు ముందుకు వెళ్లేసరికి ఖనిజం మీద ఉన్న పైరాయి 13 మీటర్లకు పైగా మందమవుతుంది. ఒక టన్ను ఖనిజానికి ఎంత పైరాయి తీయాలో చెప్పే నిష్పత్తి ఏడాదికేడాది ఎలా పెరుగుతుందో పట్టిక వేసుకోవాలి, సగటు చాలదు. మంగంపేట ముగ్గురాయి మందపాటి నిక్షేపం కావడం వల్ల పైరాయి తీసి బహిరంగంగా తవ్వడం గిట్టింది. తుమ్మలపల్లె యురేనియం పొరలు పలుచగా, సుమారు 15 డిగ్రీల వాలుతో ఉండడం వల్ల భూగర్భ గని అవసరమైంది. అక్కడి ఖనిజం సున్నపురాయి జాతి శిలలో ఉన్నందున ఆమ్లం వాడితే ఆ శిలే ఆమ్లాన్ని తినేస్తుంది, కనుక క్షార పద్ధతిలో శుద్ధి చేయవలసి వచ్చింది. యురేనియం ప్రైవేటు వారి విషయం కాదు గానీ, తవ్వే పద్ధతినీ శుద్ధి పద్ధతినీ నిర్ణయించేది రాయే అనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

యంత్రాల ఎంపిక మీద ఎక్కువ రాయనక్కరలేదు. నాపబండల గనిలో పేలుడు వాడితే సరుకే పగులుతుంది కాబట్టి దాన్ని పైరాయికే పరిమితం చేయాలి. సిమెంటు రాయి గనిలో పేలుళ్లు తప్పవు. ఊరి ఇళ్ల దగ్గర కంపన వేగం, తక్కువ పౌనఃపున్యమైతే, సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదని గని భద్రత డైరెక్టరేట్ పరిమితి. మొదటి పేలుడుకు ముందే దగ్గరి ఇళ్ల గోడలను, ఉన్న పగుళ్లతో సహా, తేదీ కనిపించేలా ఫోటోలు తీసి ఇంటి యజమానికి ఒక ప్రతి ఇస్తే తరువాత వచ్చే తగాదాలు సగం తగ్గుతాయి.

నీరు

అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే కదా, గనికి నీటి బెడద ఏముంటుంది అనిపిస్తుంది. ఆ వాన ఎలా పడుతుందన్నది చూడాలి. ఒక్క రోజు వంద మిల్లీమీటర్లు కురిస్తే ఐదు హెక్టార్ల గుంతలో 50 లక్షల లీటర్లు చేరతాయి. సెకనుకు 20 లీటర్లు తోడే పంపు ఆగకుండా నడిచినా అది ఖాళీ కావడానికి మూడు రోజులు పడుతుంది, చుట్టుపక్కల నుంచి పారి వచ్చేది కాక. గుంత చుట్టూ మళ్లింపు కాలువ తవ్వడం, వ్యర్థపు గుట్టను వంకకు దూరంగా వేయడం మొదటి నెల పనుల్లోనే ఉండాలి. 2021 నవంబరులో చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్టే తెగిపోయింది. కరువు జిల్లా అన్న ధీమాతో వంక గట్టున రాళ్లు పోయడం ప్రమాదం.

గుంత భూగర్భ జల మట్టం కంటే కిందికి వెళ్లే ప్రాజెక్టుకు విడిగా జల నివేదిక, అనుమతి కావాలి. ఎవరూ అడగకపోయినా చేయవలసిన పని మరొకటి ఉంది: అర కిలోమీటరు, కిలోమీటరు దూరంలోని రైతుల బోర్లలో నీటి మట్టం, నీటి పరీక్ష వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి తీయించి ఉంచుకోవడం. తుమ్మలపల్లెలో శుద్ధి తరువాత మిగిలిన వ్యర్థాన్ని నిలవచేసే టెయిలింగ్ చెరువు చుట్టుపక్కల ఊళ్లవారు బోరు నీళ్లు, పంటలు పాడయ్యాయని ఏళ్లుగా చెబుతున్నారు. అటువంటి వివాదం ఏ గనికి వచ్చినా, పని మొదలు కాకముందు నీరు ఎలా ఉండేదో చూపే కాగితం లేకపోతే నిజం ఏ పక్షానికీ తేలదు.

అమ్మకం, రవాణా, ప్రభుత్వ వాటా

బరువైన, చవకైన సరుకుకు గని దగ్గర ధర అన్నది అర్ధసత్యం. కొనేవాడి గేటు దగ్గర ధర నుంచి లారీ బాడుగ, లోడింగ్, కాటా, దారి మరమ్మతు తీసేస్తే మిగిలేదే గని ధర. ముగ్గురాయి ఎగుమతి చేసేవారికి 2019లో ప్రారంభమైన ఓబులవారిపల్లె, వెంకటాచలం రైలు మార్గం కృష్ణపట్నం రేవును దగ్గర చేసింది. అలాంటి ఒక్క మార్పు నిక్షేపంలో ఒక్క టన్ను పెరగకుండానే ప్రాజెక్టు విలువను మారుస్తుంది. అదే విధంగా విట్రిఫైడ్ టైల్స్ పల్లెటూరి దుకాణాలకు కూడా చేరిన తరువాత పాలిష్ బండల గిరాకీ మునుపటిలా లేదు. కాబట్టి గత ఏడాది ధర కాక, కనీసం ఐదేళ్ల ధరలను పెట్టుకుని అందులో దిగువ మూడో వంతులో ఉన్న ధరతో లెక్క వేయడం నా సలహా. ఆశతో వేసిన ధర నివేదికకు అందం ఇస్తుంది, అంతే.

ప్రభుత్వ వాటా ఒక్క రాయల్టీతో అయిపోదు. సిమెంటు సున్నపురాయికి 2014లో ఖరారైన రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. జిల్లా ఖనిజ నిధికి, వేలంలో వచ్చిన లీజు అయితే రాయల్టీలో 10 శాతం, 2015 జనవరి 12కు ముందు మంజూరైన పాత లీజు అయితే 30 శాతం కట్టాలి. జాతీయ అన్వేషణ ట్రస్టు వాటా, తవ్వకపోయినా కట్టవలసిన డెడ్ రెంట్ వేరు. వేలంలో పాడిన ప్రీమియం, అంటే లీజు కోసం అమ్మకపు ధరలో ప్రభుత్వానికి ఇస్తామని ఒప్పుకున్న శాతం, వీటన్నిటికన్నా బరువైనది. ఉదాహరణకు ఐబీఎం సగటు అమ్మకపు ధర టన్నుకు 300 అనుకుని 40 శాతానికి పాడితే 120 రూపాయలు. రాయల్టీ, ఖనిజ నిధి కలిపితే 208. తవ్వకానికి 150 అయితే మొత్తం 358, అమ్మేది 300కు. ఇంతటి ప్రీమియానికి, ఒక్కోసారి వంద శాతం దాటి కూడా, పాడేవారు ఉన్నారు; వారిలో సొంత సిమెంటు ఫ్యాక్టరీ ఉన్నవారి లాభం సిమెంటులో ఉంటుంది. రాయి అమ్మి బతకవలసినవారు వారితో పోటీపడి చేయి ఎత్తకూడదు. వేలం హాలులోకి వెళ్లే ముందే గరిష్ఠ శాతాన్ని కాగితం మీద రాసుకుని, దాన్ని మించకుండా కూర్చోవడం అవసరం. రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కుల మీద రాష్ట్రాలు పన్ను వేయవచ్చని 2024 జులైలో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది కనుక, అటువంటి పన్ను ఒకటి పడితే ప్రాజెక్టు తట్టుకుంటుందా అని కూడా చూసుకోవాలి.

అనుమతులకు పట్టే కాలం

అనుమతుల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది: గని ప్రణాళిక ఆమోదం, పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతులు, పేలుడు పదార్థాల లైసెన్సు, గని భద్రత అధికారులకు నోటీసు. జాబితాలో కనిపించనిది కాలం. పర్యావరణ ప్రభావ నివేదిక అవసరమయ్యే ప్రాజెక్టుకు గాలి, నీరు, శబ్దం సమాచారం వానాకాలం కాని ఒక పూర్తి ఋతువుకు, అంటే మూడు నెలలకు సేకరించాలి. మార్చిలో అమర్చవలసిన కొలత యంత్రాలు మే నెలలో వచ్చాయంటే వానలు వెళ్లేదాకా ఆగవలసిందే. ప్రాజెక్టు అర్ధ సంవత్సరం వెనక్కి పోతుంది. ప్రజాభిప్రాయ సేకరణకు ముప్పై రోజుల ముందస్తు నోటీసు ఇవ్వాలి. ఆ సభ రోజున మొదటిసారి ఊరిలో అడుగుపెట్టే యజమాని ఎంత మంచి నివేదిక తెచ్చినా వినేవారుండరు. టిప్పర్లు ఏ దారిన వెళతాయి, బడి వేళల్లో ఆగుతాయా, దుమ్ము మీద నీళ్లు ఎవరు చల్లుతారు అన్నవే అక్కడ వచ్చే ప్రశ్నలు. వాటికి ముందే ఊరి పెద్దలతో కూర్చుని జవాబులు తయారుచేసుకోవాలి.

డబ్బు లెక్క

గుండ్రటి అంకెలతో ఒక ఊహా ప్రాజెక్టు చూద్దాం. పెట్టుబడి 4 కోట్లు. ఏడాది అమ్మకం 3.5 కోట్లు, ఖర్చులు, ప్రభుత్వ వాటా కలిపి 2.4 కోట్లు, మిగులు 1.1 కోట్లు, ఆరేళ్లు. వడ్డీ, గనుల పనిలోని ప్రమాదం కలిపి 15 శాతం రేటు వేసుకుని రాబోయే మిగులును నేటి విలువకు దించితే 4.16 కోట్లు వస్తుంది. పెట్టుబడి తీసేస్తే 16 లక్షలు నికరం. ఆరేళ్లకు 6.6 కోట్లు వస్తాయి కదా అని సంబరపడేవారికి ఈ 16 లక్షలు చిన్నగా కనిపిస్తాయి. ప్రాజెక్టు అసలు బలం అంతే.

ఇప్పుడు ఒక్కొక్క అంకెనే కదిలించి చూడాలి. డబ్బు పెట్టిన తరువాత అనుమతి ఒక ఏడాది ఆలస్యమైతే, మిగిలినవన్నీ అలాగే ఉన్నా, నేటి విలువ 3.62 కోట్లకు పడి, 38 లక్షల నష్టం తేలుతుంది. ధర పది శాతం తగ్గితే ఏడాది మిగులు 75 లక్షలకు పడిపోతుంది, మొత్తం మీద నష్టం 1.16 కోట్లు. బండ దిగుబడి 25 శాతానికి బదులు 22.5 వచ్చినా, రాయల్టీ, లోడింగ్ కొంత తగ్గినప్పటికీ, దెబ్బ దాదాపు ఇంతే. డీజిలు ధర పెరుగుదల మీద అందరూ బెంగపడతారు గాని, ఇలా కదిలించి చూస్తే చాలా బండల గనుల్లో దిగుబడి శాతం, ఆలస్యం, ధర ఈ మూడే తల రాత రాసేవి. అందుకే డ్రిల్లింగ్ దశలో అడ్డగీతలు లెక్కపెట్టడానికి పెట్టిన ఖర్చు ఖరీదైన హిటాచీ ఎంపికకు పెట్టిన ఆలోచన కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది. పెట్టుబడిని కూడా ఒకేసారి పెట్టకుండా, అనుమతి చేతికి వచ్చేదాకా యంత్రాలు కొనకుండా బాడుగకు తీసుకునే ఏర్పాటు చేసుకుంటే ఆలస్యపు నష్టం చాలావరకు తగ్గుతుంది. ఈ మూడింటిలో ఏ రెండు కలిసి చెడినా నిలబడలేని ప్రాజెక్టును వదిలేయాలి. అప్పటికి అయిన ఖర్చు పోయిందే, దాన్ని రాబట్టడానికి ఇంకా పెట్టకూడదు.

గని మూసివేత ఖర్చును ఈ పట్టికలో చివరి ఏడాది కింద ఒక్క గడిలో రాయడం రివాజు. అలా రాస్తే 15 శాతం రేటులో అది కరిగిపోయి కనిపించకుండా పోతుంది, ఆచరణలో ఆ చివరి ఏడాదికి చేతిలో డబ్బూ ఉండదు. ప్రధాన ఖనిజాల గనులకు ఐదేళ్లకోసారి ప్రణాళికను సమీక్షించి, మూసివేత పనులను దశలవారీగా చూపి, ఆర్థిక హామీ కట్టాలని నియమం ఉంది. చిన్నతరహా గనివారు కూడా అదే పద్ధతి పెట్టుకుని, అమ్మిన ప్రతి లోడు మీద కొంత మొత్తాన్ని వేరే ఖాతాలో వేయడం మంచిది. తవ్వడం పూర్తయిన భూమిలో పశుగ్రాసం తిరిగి పెంచాలనే షరతును లీజుల్లో పెట్టాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. గొర్రెల మందలు తిరిగే అనంతపురం, కర్నూలు మెట్ట పొలాల్లో ఆ షరతుకు కాగితం విలువ కన్నా ఎక్కువ విలువ ఉంది. మొదటి నెలలో తీసిన పైమట్టిని రాతి వ్యర్థంతో కలిపి పోసేస్తే తరువాత గడ్డి మొలిపించడానికి మట్టిని బయటి నుంచి కొని తేవాలి. కాబట్టి పైమట్టికి విడిగా ఒక మూల కేటాయించి, రెండు మూడు మీటర్ల ఎత్తు దాటకుండా పోసి, వానకు కొట్టుకుపోకుండా చుట్టూ రాతి వరుస పెట్టించి, ఆ చోటును గని పటంలో మొదటి ఏడాదే గుర్తించాలి.